నల్లగొండ బత్తాయి సలాడ్‌కు పనికొస్తుందా? కాయ కొనుగోలు నుంచి గిన్నె దాకా

నల్లగొండలో బత్తాయి అంటే జ్యూసే. గడియారం సెంటర్లో బండి దగ్గర నిలబడ్డా, విజయవాడ రోడ్డు పక్కన కుప్పలు పోసి అమ్మేచోట కారు ఆపినా, కొనేవాళ్ల కళ్ల ముందు మెదిలేది గ్లాసే. అదే కాయను తొనలుగా కోసి ముల్లంగి, గాజర్, పచ్చి కందులతో కలిపితే చలికాలం సలాడ్‌గా ఎంతవరకు నిలబడుతుందన్నది ఇక్కడ చూస్తున్న విషయం. తీర్పు ముందే చెప్పేస్తే, తొనలకు అయిదుకు నాలుగు మార్కులు. రసాన్ని డ్రెస్సింగ్‌గా పోస్తే మాత్రం రెండే. బత్తాయి తీపి ఇస్తుంది, నీరు ఇస్తుంది, వాసన ఇస్తుంది. పులుపు ఇవ్వదు. ఆ పని నకిరేకల్ నిమ్మకాయకు అప్పజెప్పాలి. రెండు పనులూ బత్తాయితోనే కానిచ్చేద్దామనుకుంటే గిన్నె కలిపినప్పుడు చప్పగా ఉంటుంది, అరగంట ఆగితే చేదెక్కుతుంది.

కాయ సంగతి

గుర్రంపోడు, కనగల్, నాంపల్లి వైపు తోటల్లో కనిపించేది ఎక్కువగా సాత్‌గుడి రకం. సూపర్‌మార్కెట్ బోర్డుల మీద ‘స్వీట్ లైమ్’ అని రాస్తారు కాబట్టి చాలామంది దీన్ని తియ్యటి నిమ్మ అనుకుంటారు. నిజానికి ఇది నారింజ జాతి, శాస్త్రీయ నామం సిట్రస్ సైనెన్సిస్. డబ్బాల్లో వచ్చే ఆరెంజ్ జ్యూస్ పండుదీ ఇదే జాతి. మరి తొక్క నారింజ రంగుకు ఎందుకు తిరగదంటే, రాత్రుళ్లు బాగా చల్లబడితే తప్ప తొక్కలోని పచ్చదనం విరగదు, కింది రంగు బయటపడదు. మన దగ్గర ఆగస్టు, సెప్టెంబరు రాత్రుళ్లలో ఆ చలి ఎక్కడిది? లోపల తియ్యగా పండినా పైన ఆకుపచ్చగానే ఉండిపోతుంది. డిసెంబరు చలికి అదే తోట కాయ కాస్త పసుపు పట్టి కనిపిస్తుంది. అంతమాత్రాన అది ఎక్కువ పండినట్టు కాదు. రంగు చూసి కొనడం సగం జూదం.

కాపు లెక్క కూడా తెలిసి ఉండాలి. ప్రధాన కాపు ఆగస్టులో మొదలై అక్టోబరు, నవంబరు దాకా దిగుతుంది. కత్తెర కాపు ఫిబ్రవరి నుంచి వస్తుంది. సలాడ్ కూరగాయలన్నీ దండిగా దొరికే డిసెంబరు, జనవరి ఈ రెండింటి నడుమ పడతాయి. అప్పుడు బండ్ల మీద ఉండేది ఎక్కువగా చెట్టు మీద ఆలస్యంగా నిలిపిన కాయ. అందులో మంచీ ఉంది, చెడూ ఉంది. చెట్టు మీద ఎన్నాళ్లుంటే అంత పులుపు తగ్గి తీపి తేలుతుంది. కానీ మరీ నిలిపితే తొడిమ వైపు రసపు ముత్యాలు ఎండిపోయి, తెల్లగా గట్టిపడి, నమిలితే చెరకు పిప్పిలా తగులుతాయి. జ్యూస్ తీసేవాళ్లకు దీనితో రసం కాస్త తగ్గుతుంది, అంతే. తొన తినేవాళ్లకు మాత్రం ఆ కాయ దండగ.

అందుకే సలాడ్‌కు కొనేటప్పుడు పరీక్ష వేరు. ఒకే సైజు కాయలు రెండు తీసుకుని చేతికొకటి పట్టుకోండి. బరువున్నది ఉంచుకోండి, తేలికది పెట్టేయండి. కిలోకు ఐదారు తూగే మధ్యరకం కాయ మేలు. అంతకంటే పెద్దవాటికి తొక్క మందం ఎక్కువ, ఎండిపోయే గుణమూ ఎక్కువే. తొక్క మీద రంధ్రాలు సన్నగా, నునుపుగా ఉంటే పలుచటి తొక్క. ఎగుడుదిగుడుగా ఉంటే తెల్ల గుజ్జు దట్టంగా ఉంటుంది, కోసినప్పుడు సగం పండు అందులోనే పోతుంది. ‘అన్నా, ఒకటి కోసి చూపియ్యి’ అంటే బండి మీద కాదనేవాళ్లు తక్కువ. అయితే కోయించేటప్పుడు తొడిమ నుంచి కిందికి నిలువుగా కోయించాలి. ముత్యాలు ఎండటం తొడిమ దగ్గర మొదలవుతుంది, నడుముకు అడ్డంగా కోస్తే అది బయటపడదు. జ్యూస్ బండివాళ్ల అలవాటు అడ్డంగా కోయడమే కాబట్టి ఈ మాట నోరు తెరిచి చెప్పాల్సిందే.

మంగు కాయ గురించి ఒక మాట. తొక్క మీద తుప్పు రంగు పట్టి, చూడటానికి మురికిగా ఉండే కాయను రైతులు మంగు కాయ అంటారు. కంటికి ఆనని మంగునల్లి లేత కాయ తొక్కను గీకి రసం పీల్చితే మిగిలే మచ్చ అది. తొక్క దాటి లోపలికి పోదు. మార్కెట్లో ఈ మచ్చకే ధర తెగుతుంది. ఢిల్లీ దాకా లారీ ఎక్కే కాయకు పైమెరుగు కావాలి మరి. ఎలాగూ తొక్క పారేసే సలాడ్‌కు అది అక్కర్లేదు, కాబట్టి బరువు పరీక్షలో నెగ్గిన మంగు కాయ దొరికితే ధైర్యంగా తీసుకోవచ్చు. కాయంతా నల్లబడి, గోళీలా చిన్నదై, వడలినట్టు ఉంటే మాత్రం వద్దు. నల్లి తీవ్రంగా పట్టిన కాయ ఎదగదు, నీరూ కోల్పోతుంది.

అసలు భయపడాల్సింది మచ్చకు కాదు, సూదిమొన అంత రంధ్రానికి. రసం పీల్చే రెక్కల పురుగు రాత్రిపూట కాయకు పెట్టే గాటు అది. చుట్టూ చర్మం మెత్తబడి, కొద్దిగా గోధుమరంగు తిరిగి ఉంటుంది. బొటనవేలితో నొక్కితే దిగబడుతుంది. లోపల పులిసిన వాసన మొదలై ఉంటుంది. అలాంటిది ఒక్క తొన పడినా గిన్నెంతా కల్లు వాసన. వానాకాలం చివరి కాయలో ఈ బాధ ఎక్కువ.

చేదు ఎక్కడి నుంచి వస్తుంది

పొద్దున తీసిన బత్తాయి రసం సాయంత్రానికి చేదెక్కుతుందని అందరికీ తెలుసు. గింజ నలిగింది అందుకే అంటారు. అది సగం నిజం. తొనల మధ్య పొరల్లో, తొక్క కింది తెల్ల గుజ్జులో, గింజల్లో ఉండే ఒక పదార్థానికి కాయలో ఉన్నంతసేపు చేదు లేదు. కణాలు చితికి, అది పుల్లటి రసంతో కలిశాక నెమ్మదిగా లిమోనిన్‌గా మారుతుంది. ఆ లిమోనిన్ చేదు ఎంత ఘాటంటే, లీటరులో కొద్ది మిల్లీగ్రాములున్నా నాలుక పట్టేస్తుంది. జ్యూస్ బండి దగ్గర అప్పటికప్పుడు తాగే గ్లాసు తియ్యగా ఉండి, సీసాలో ఇంటికి తెచ్చుకున్నది చేదుగా ఉండటంలో మర్మం ఇదే. బండివాళ్ల తప్పేమీ లేదు.

సలాడ్‌లో ఈ మార్పుకు పరిస్థితులు మరీ అనుకూలం. నిమ్మరసం పులుపు ఉంది, ఉప్పు ఉంది, గరిటె తిప్పుడు ఉంది. కాబట్టి బత్తాయిని కమలాపండులా చేత్తో ఒలిచి, పొరతో సహా వేయకూడదు. ఒలవడం ఎలాగూ కష్టమే, తొక్క కండకు అతుక్కుని ఉంటుంది. కత్తితోనే పని. కాయ పైనా కిందా కండ కనిపించేదాకా బిళ్ల కోసేయాలి. నిలబెట్టి, కాయ ఒంపు వెంట పైనుంచి కిందికి తొక్కను తెల్ల గుజ్జుతో సహా చెక్కాలి. ఎక్కడైనా తెలుపు మిగిలితే మళ్లీ ఒక గీత గీయాలి. తర్వాత కాయను గిన్నె మీద పట్టుకుని, ప్రతి పొరకు అటూ ఇటూ కత్తి దింపితే తొన పొర లేకుండా జారిపడుతుంది. సాత్‌గుడి కాయకు గింజలు పది పైనే ఉంటాయి, నడుమ దూటుకు ఆనుకుని ఉంటాయి. కత్తి మొనతో గిల్లి తీసేయాలి, కోయకూడదు. కత్తి మొద్దుగా ఉంటే తొన చితికి రసం కారుతుంది, అంటే ఇందాక చెప్పిన చేదు కార్యక్రమం అక్కడే మొదలైనట్టు. చిన్న కత్తికి పదును పెట్టించుకోవడమే ఈ సలాడ్‌కు అసలు పెట్టుబడి. మూడు కాయలు, అంటే సుమారు 550 గ్రాములు కోస్తే పావు కిలో దాకా తొనలు వస్తాయి. మిగిలిన పొరల ముద్దను పిండితే వచ్చే రెండు మూడు చెంచాల రసం అక్కడే నోట్లో పోసుకోవాలి. పారేయడం ఎందుకని డ్రెస్సింగ్‌లో కలిపితే మిగతా జాగ్రత్తంతా వృథా.

నిమ్మ, కమలా, ఉసిరి, పక్కన పెట్టి చూస్తే

నిమ్మరసంలో సిట్రిక్ ఆమ్లం సుమారు 6 శాతం ఉంటుంది. బత్తాయిలో 1 శాతం కూడా ఉండదు. కూరగాయ ముక్కల పచ్చివాసన విరగాలంటే కావాల్సింది ఆ ఆరు శాతమే. నకిరేకల్ మార్కెట్ నుంచి వచ్చే కాగితపు తొక్క నిమ్మకాయకు ఈ పనిలో అయిదుకు అయిదు. చలికాలంలో నిమ్మ ధర కూడా ఎండాకాలంలోలా నెత్తికెక్కదు. తొక్క మీద గజ్జి తెగులు బొడిపెలున్నా లోపలి రసానికి నష్టం లేదు. పసుపు తిరిగి, పలుచటి తొక్కతో, నొక్కితే లొంగే కాయ తీసుకుంటే మధ్యరకంవి రెండు చాలు, రెండు టేబుల్ స్పూన్ల రసం, అంటే 30 మిల్లీలీటర్లు వస్తుంది. గట్టి ఆకుపచ్చ కాయలైతే మూడు పడతాయి.

నాగపూర్ కమలాకు మూడు. ఒలవడం సుఖం, రంగు బాగుంటుంది, కానీ తొనల పొర తీస్తే ముక్కలైపోతుంది, తీయకపోతే నమలాలి. పిల్లల టిఫిన్ డబ్బాకు అదే నయం. డిసెంబరు తర్వాత బండ్ల మీదికి వచ్చే కిన్నో చూడటానికి కమలాలా మెరుస్తుంది, గింజలు విపరీతం, రసం నిలిస్తే బత్తాయిలాగే చేదు. దబ్బకాయ ఈ గిన్నెలోకి వద్దు, ఊరగాయలోకే దానికి మర్యాద.

ఉసిరి సిట్రస్ కాదు. అయినా కార్తీకం నుంచి సంక్రాంతి దాకా దొరికే కాయ కాబట్టి చెప్పాలి. నిమ్మ తగ్గించి పెద్ద ఉసిరికాయ ఒకటి తురిమి వేస్తే పులుపుతో పాటు వగరు వస్తుంది, ఆ వగరు మీద బత్తాయి తీపి రెట్టింపుగా తోస్తుంది. ఒకటి దాటితే నాలుక బిగుసుకుపోతుంది. తురిమే పీట స్టీలుది కావాలి. ఇనుము తగిలితే తురుము నల్లబడుతుంది.

కూరగాయల్లో ఏది, ఎందుకు

ముల్లంగి లేకపోతే ఈ సలాడ్ లేదు. బత్తాయి తీపికి ఎదురు నిలిచే ఘాటు దానిదే. ఆకుతో సహా కట్టగా అమ్మేవి కొనాలి. ఆకు తాజాగా ఉంటే గడ్డ కూడా ఆ పొద్దున పీకిందే. రెండు వేళ్ల లావు దాటినదాన్ని గోటితో తట్టితే డొల్ల శబ్దం వస్తుంది, లోపల బెండు పట్టి ఉంటుంది. ముల్లంగి వాసన కోసిన తర్వాతే పుడుతుంది. కణాలు తెగితే ఎంజైమ్ కలిసి ఆ ఘాటు తయారవుతుంది, ఎంత సన్నగా తరిగితే అంత ఎక్కువ. అందుకని పొద్దున తరిగి ఫ్రిజ్‌లో పెట్టడం అనే తెలివితేటలు దీని దగ్గర పనిచేయవు, పాలగిన్నెకు కూడా ఆ వాసనే పడుతుంది. వడ్డించే ముందు రెండు మిల్లీమీటర్ల బిళ్లలుగా తరిగి, పది నిమిషాలు చల్లటి నీళ్లలో ఉంచి, బట్ట మీద ఆరబెడితే ఘాటు సగానికి దిగి కరకర మిగులుతుంది.

గాజర్‌లో చలికాలం వచ్చే ఎర్రటి పొడుగు రకానికే ఓటు. ఏడాది పొడుగునా దొరికే నారింజ రంగు గాజర్ కంటే నీరు ఎక్కువ, తీపి ఎక్కువ. తురమకండి. తురుమితే రసం కారి అడుగున చేరుతుంది. పీలర్‌తో పొడుగ్గా రిబ్బన్లలా గీకితే డ్రెస్సింగ్ ఆ పొరలను పట్టుకుంటుంది. నడుమ గట్టి దూటు దాకా వచ్చాక ఆపేసి ఆ ముక్కను సాంబారుకు దాచుకోవచ్చు.

పచ్చి కందులు ఈ నేల ప్రత్యేకత, సంక్రాంతికి ముందూ వెనుకా రైతుబజార్లో కాయలుగానే దొరుకుతాయి. పావు కిలో కాయలు వలిస్తే సుమారు నూరు గ్రాముల గింజలొస్తాయి. కాయకు రంధ్రం ఉంటే లోపల పురుగు ఉన్నట్టే, తెరిచి చూడనక్కర్లేదు. లీటరు నీళ్లలో ఒక టీస్పూన్ ఉప్పు వేసి, మరిగాక గింజలు వేసి, మూత పెట్టకుండా ఏడెనిమిది నిమిషాలు ఉడికించాలి. మూత పెడితే ఆకుపచ్చ రంగు మాసిపోతుంది. గింజ వేళ్ల మధ్య నలగాలి కానీ చిట్లకూడదు. వెంటనే చల్లటి నీళ్లు పోసి వడగట్టాలి. పాలమూరు వైపు ఉన్నవాళ్లకు పచ్చి శనగ మండలు దొరికితే ఇంకా సులువు, ఆ గింజలు పచ్చివే వేయొచ్చు, కొద్దిగా తీపిగా కూడా ఉంటాయి. చిక్కుడు, అనుముల గింజలు మాత్రం బాగా ఉడకనిదే వేయొద్దు, పచ్చివి కడుపుకు మంచివి కావు.

కీర ఒకటి, గింజ భాగం చెంచాతో గీకేసి. లేత మెంతికూర ఆకులు ఒక చిన్న గుప్పెడు, కాడలు లేకుండా. తొనల తీపికి ఈ ఆకు చేదు అతికినట్టు సరిపోతుంది, గుప్పెడు రెండైతే బత్తాయే చేదని జనం అనుకుంటారు. ఉల్లిగడ్డ బదులు ఉల్లాకు మెరుగు. క్యాబేజీ వేస్తే వేయొచ్చు, కానీ అది వేరే సలాడ్ అవుతుంది.

టమాటా వద్దు. చలికాలం టమాటా ఎంత చవకైనా సరే. దాని గుజ్జు నీరు బత్తాయి నీటితో కలిస్తే గిన్నెలో చారు తయారవుతుంది, రెండు పుల్లతీపి రుచులు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. బీట్‌రూట్ రుచికి అడ్డం లేదు, రంగుకే అడ్డం. తప్పదనుకుంటే ఉడికించిన ముక్కలకు ముందు నూనె పట్టించి, అన్నీ కలిపాక పైన చల్లి, మళ్లీ గరిటె పెట్టకుండా వడ్డించాలి.

కొలతలు, వరస

నలుగురికి: బత్తాయిలు మూడు, ముల్లంగి 150 గ్రాములు, ఎర్ర గాజర్ 150, కీర 200, వలిచిన పచ్చి కందులు 100, ఉల్లాకు రెండు కాడలు, మెంతి ఆకు చిన్న గుప్పెడు, కొత్తిమీర అంతే, పుదీన పది ఆకులు, పచ్చిమిర్చి ఒకటి గింజలు తీసి సన్నగా తరిగి, పల్లీలు 50 గ్రాములు, వేయించిన నువ్వులు ఒక టీస్పూన్. డ్రెస్సింగ్‌కు నిమ్మరసం రెండు టేబుల్ స్పూన్లు, గానుగ పల్లినూనె రెండు టేబుల్ స్పూన్లు, ఉప్పు ముప్పావు టీస్పూన్, నల్లుప్పు చిటికెడు, దంచిన మిరియాలు పావు టీస్పూన్, వేయించి పొడి చేసిన జీలకర్ర అర టీస్పూన్.

పుస్తకాల్లో కనిపించే లెక్క పులుపుకు మూడింతలు నూనె. ఇక్కడ సమానం చాలు. బత్తాయి తీపి పులుపును ఎలాగూ మెత్తబరుస్తుంది, నూనె పెరిగితే తొనల మీద జిడ్డు పొర కట్టి వాటి వాసన ముక్కుకు అందదు. గానుగ నూనెకు పల్లీ వాసన ఉంటుంది, కింద చెప్పబోయే పల్లీల పొడికి అది జత. రిఫైన్డ్ నూనె వేస్తే తప్పేం లేదు, రుచి కూడా ఏం లేదు. ఆలివ్ నూనె కోసం పరుగెత్తనక్కర్లేదు.

పల్లీలు సన్నటి సెగ మీద ఏడెనిమిది నిమిషాలు, పొట్టు పగిలేదాకా వేయించి, పూర్తిగా చల్లారాక బరకగా దంచాలి. వేడిమీద దంచితే నూనె వదిలి ముద్దవుతాయి. కీర ముక్కలకు మొత్తం ఉప్పులోంచి పావు టీస్పూన్ పట్టించి జల్లెడలో పదిహేను నిమిషాలు వదిలితే నీరు దిగిపోతుంది, ఆ నీరు పారబోసి ముక్కలు ఒత్తాలి. ఈ ఒక్క మెట్టు ఎగ్గొట్టడం వల్లే చాలా ఇళ్లలో సలాడ్ అడుగున చెరువు కడుతుంది. ఉప్పు నీటిని లాగుతుంది, ముందే లాగనిస్తే గిన్నెలో లాగదు.

మూత బిగిసే చిన్న సీసాలో ముందు నిమ్మరసం, ఉప్పులు, జీలకర్ర, మిరియాలు వేసి ఉప్పు కరిగేదాకా ఊపాలి. నూనె ఆ తర్వాతే పోయాలి. నూనెలో ఉప్పు కరగదు, అన్నీ ఒకేసారి పోసి ఊపితే ఒక ముద్ద ఉప్పగా ఒక ముద్ద చప్పగా వస్తుంది. వెడల్పాటి గిన్నెలో ముల్లంగి, గాజర్, కీర, కందులు, పచ్చిమిర్చి వేసి మూడు వంతుల డ్రెస్సింగ్‌తో చేత్తో కలపాలి, ఐదు నిమిషాలు వదలాలి. ఉల్లాకు, ఆకులు అప్పుడు. పుదీనను కత్తితో తరిగితే అంచు నల్లబడుతుంది, చించి వేస్తే చాలు. తొనలు పైన పేర్చి, మిగిలిన డ్రెస్సింగ్ వాటి మీద చిలకరించి, గిన్నెను రెండుసార్లు అటూ ఇటూ ఊపితే అంతే కలపడం. గరిటె వద్దు. పల్లీల పొడి, నువ్వులు వడ్డించే క్షణంలో. అరగంటలో గిన్నె ఖాళీ కావాలి.

రుచి చూసినప్పుడు చప్పగా తోస్తే చేయి ఉప్పు డబ్బా వైపు పోతుంది. ముందు అర చెంచా నిమ్మ పిండి చూడండి, చలికాలం చివరి బత్తాయికి లోటు ఎక్కువగా పులుపుదే. నాలుక చివర చేదు తగిలితే రెండు కారణాలు: తెల్ల గుజ్జు మిగిలింది, లేదా తొనలు ముందే కోసి పెట్టారు. దానికి చక్కెర మందు కాదు, తీపీ చేదూ విడివిడిగా తెలుస్తాయి. రెండు చిటికెల ఉప్పు చేదును కొంత అణుస్తుంది, అంతకుమించి చేయగలిగింది లేదు. నల్లుప్పు ఎక్కువైతే పుదీన వాసన మాయమై జ్యూస్ బండి వాసనే మిగులుతుంది.

జొన్నరొట్టె పక్కన ఇది బాగా కుదురుతుంది. రొట్టెకు నీరు తక్కువ, సలాడ్‌కు ఎక్కువ. పెరుగన్నంతో పనికిరాదు, నిమ్మా పెరుగూ కలిసి పులుపు మీద పులుపు.

డబ్బాలో తీసుకెళ్లాలంటే బత్తాయిని తొక్క చెక్కి, తొనలు విడదీయకుండా గుండుగానే మూతడబ్బాలో పెట్టుకోండి. తినేచోట చిన్న కత్తితో తొనలు తీసుకోవడం రెండు నిమిషాల పని. డ్రెస్సింగ్ సీసా వేరు, పల్లీల పొట్లం వేరు. ముల్లంగి మాత్రం ఆఫీసులో మూత తీసేముందు పక్కవాళ్లను ఒకసారి చూసుకోవాలి. కొన్న కాయలు చలికాలంలో బయట గంపలో వారం దాకా బాగుంటాయి. ప్లాస్టిక్ కవర్లో ముడేసి పెడితే చెమట పట్టి తొడిమ దగ్గర నీలం బూజు మొదలవుతుంది, ఒకదానికి పడితే ఆనుకున్నవాటికీ పాకుతుంది. రెండ్రోజులకోసారి గంప తిరగేసి చూసి, మెత్తబడిన కాయను ముందు తీసేయాలి.